థింక్ ట్యాంక్ నివేదిక చేతికొస్తే: వెనక ఎవరున్నారో కనుక్కోవడం ఎలా

2022 ఆగస్టులో, ఉపగ్రహాలను, క్షిపణులను వెంటాడే చైనా నౌక యువాన్ వాంగ్ 5 శ్రీలంకలోని హంబన్‌టోట రేవుకు వచ్చింది. ఆ వారం చెన్నైలో ఎవరి నోట విన్నా అదే మాట. అన్నానగర్‌లో నేను పాఠం చెప్పే సివిల్స్ పిల్లల కోసం రాత్రికి రాత్రే రెండు పేజీల నోట్సు తయారుచేశాను. "ఈ నౌక 750 కిలోమీటర్ల మేర గమనించగలదు, రేవులో నిలబడే శ్రీహరికోట రాకెట్ కేంద్రం మీద, కల్పాక్కం, కూడంకుళం అణు కేంద్రాల మీద కన్నేసి ఉంచగలదు" అని అందులో ఒక వాక్యం. అది గాలివాటంగా రాసింది కాదు, మూడు చోట్ల చూసి రాసింది. ఒక థింక్ ట్యాంక్ (విధానాలను అధ్యయనం చేసి నివేదికలు రాసే మేధో సంస్థ) వ్యాసం, ఒక రిటైర్డ్ అధికారి వ్యాసం, ఒక దినపత్రిక.

వెనక బెంచీలో సూళ్లూరుపేట అబ్బాయి ఒకడు కూర్చునేవాడు. ఇంటి డాబా మీద నిలబడి రాకెట్లు పైకి పోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాడు. నోట్సు చదివి, ఫోన్లో మ్యాప్ తెరిచి, హంబన్‌టోట నుంచి శ్రీహరికోటకి గీత లాగి కొలిచాడు. "మేడమ్, నాకు ఎనిమిది వందల యాబై చూపిస్తా ఉండాది. ఏడు వందల యాబైలో మా షార్ ఎట్ట పడతాది?" అని అడిగాడు.

నేనూ కొలిచాను. వాడన్నదే నిజం. కూడంకుళం బాగా లోపలే ఉంది. కల్పాక్కం దాదాపు అంచున ఉంది. శ్రీహరికోట వంద కిలోమీటర్లు బయట ఉంది. మూడు చోట్ల చూశాననుకున్న నేను ఒక్క గీత గీసి చూడలేదు. ఆ పూట పాఠం ఆపేసి, ఆ మూడు వ్యాసాలూ పిల్లలందరితో కలిసి వెనక్కి తవ్వుకుంటూ వెళ్లాను. ఏం దొరికిందో కాసేపట్లో చెబుతాను.

అప్పటి నుంచి రక్షణ, నిఘా వ్యవహారాల మీద ఏ సంస్థ నివేదిక చేతికొచ్చినా ఒక వరసలో పని చేస్తున్నాను. ఆ వరస మీకూ పనికొస్తుంది. మీరు పరీక్షకు చదువుతున్నా, పత్రికలో రాస్తున్నా, వాట్సాప్‌లో బంధువు పంపిన పీడీఎఫ్ నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నా సరే. ఒక ఫోను, ఒక నోటుబుక్కు, రెండు సాయంత్రాలు చాలు.

ముందుగా ఒక మాట. సైన్యంతోనో నిఘా సంస్థలతోనో దగ్గరి సంబంధం ఉండటం తప్పు కాదు. జలాంతర్గామి గురించి జలాంతర్గామిలో బతికినవాడు రాస్తేనే కదా మనకు తెలిసేది. ఆ సంబంధం మనకు కనబడకుండా ఉండటమే చిక్కు. మనం కనుక్కోవలసింది దాన్నే.

మొదట, నివేదిక మూసేసి సంస్థ పుట్టుక చూడండి

చదవాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. నివేదిక పక్కన పెట్టి ఆ సంస్థ ఏ ఏడాది, ఎవరి చొరవతో, ఏ అవసరం కోసం పుట్టిందో ముందు రాసుకోండి. చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి.

మన దేశంలో వీటిలో పాతది యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్. 1870లో సిమ్లాలో చార్లెస్ మెక్‌గ్రెగర్ అనే సైనికాధికారి మొదలుపెట్టాడు. ఆయన పేరు మీద 1888 నుంచి ఇస్తున్న పతకం దేనికో తెలుసా? సైనిక పరిశీలన యాత్రలకు, అంటే శత్రువు వైపు భూమిని చూసి రావడానికి. అధ్యయనమూ వేగూ ఒకే గడపలో పుట్టాయన్నమాట. లండన్‌లోని రక్షణ అధ్యయన సంస్థ రూసీ ఇంకా పాతది, 1831లో వెల్లింగ్టన్ డ్యూక్ చొరవతో వచ్చింది. అమెరికాలో ర్యాండ్ 1946లో సైనిక వైమానిక దళం కోసం డగ్లస్ విమాన కంపెనీలో ఒక ప్రాజెక్టుగా మొదలై, 1948లో విడి సంస్థ అయింది.

స్వతంత్ర భారతంలో కథ 1962 చైనా యుద్ధం తర్వాత మొదలవుతుంది. యశ్వంతరావు చవాన్ రక్షణ మంత్రిగా ఉండగా 1965 నవంబరు 11న ఢిల్లీలో రక్షణ అధ్యయన సంస్థ ఐడీఎస్ఏ ఏర్పడింది. దానికి నిధులిచ్చేది రక్షణ శాఖ. 2020లో మనోహర్ పార్రికర్ పేరు చేర్చారు. తర్వాత ఒక్కో దళానికీ ఒక్కో సంస్థ వచ్చింది: వైమానిక దళం వైపు క్యాప్స్ 2001లో, సైన్యం వైపు క్లాస్ 2004లో, నౌకాదళం వైపు నేషనల్ మారిటైమ్ ఫౌండేషన్ 2005లో, మూడు దళాల ఉమ్మడి యుద్ధతంత్రం కోసం సెంజోస్ 2007లో. ఈ వరస కంఠతా పట్టండి. పత్రికల్లో "ఢిల్లీకి చెందిన ఒక మేధో సంస్థ" అని కనబడినప్పుడల్లా అది వీటిలో ఏదో పోల్చుకోవచ్చు.

మన చెన్నై ముఖం వేరు. ఇక్కడి సంస్థల్లో ఎక్కువ భాగం రిటైరైనవాళ్లు పెట్టుకున్నవి. చెన్నై సెంటర్ ఫర్ చైనా స్టడీస్ 2008లో మొదలైంది. నిఘా, నౌకాదళం, సివిల్ సర్వీసుల్లో పనిచేసినవాళ్లు దాన్ని నడిపించారు. పెనిన్సులా ఫౌండేషన్‌ను స్థాపించింది రిటైర్డ్ ఎయిర్ మార్షల్ మాథేశ్వరన్. అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్‌ కూడా ఇక్కడొక శాఖ నడిపింది. బెంగళూరు వెళితే ఇంకో రకం. 1988లో జేఆర్‌డీ టాటా చొరవతో ఐఐఎస్సీ ఆవరణలో వచ్చిన అధ్యయన సంస్థ నియాస్‌కు తొలి డైరెక్టరు అణు శాస్త్రవేత్త రాజా రామన్న. 2009లో మొదలైన తక్షశిల సంస్థలో సాఫ్ట్‌వేరు నగరం ఆలోచనా తీరు కనబడుతుంది. ఊరు కూడా ఒక సంస్థకు కొంత స్వభావాన్నిస్తుందని నా నమ్మకం. ఢిల్లీ సంస్థ సరిహద్దు వైపు చూస్తే చెన్నై సంస్థ సముద్రం వైపు, శ్రీలంక వైపు చూస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది

సంస్థ ఏ చట్టం కింద నమోదైందో చూడండి. సొసైటీయా, ట్రస్టా, కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీయా? ఇది సాధారణంగా "మా గురించి" పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. సెక్షన్ 8 కంపెనీ అయితే మీ పని సులువు. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో వంద రూపాయలు కట్టి దాని డైరెక్టర్ల పేర్లు, దాఖలు చేసిన లెక్కలు చూడొచ్చు. నేను రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ నివేదికలో కనబడని డైరెక్టరు పేరు అక్కడ కనబడింది.

ప్రభుత్వ గ్రాంటుతో నడిచేవి వార్షిక నివేదికలో ఆ మాట చెబుతాయి. పారిశ్రామిక సంస్థల చేయూతతో నడిచేవీ ఉన్నాయి. 1990లో రిలయన్స్ అండతో మొదలైన అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ పేరు అందరికీ తెలిసిందే. విదేశీ డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చేదీ తీసేసేదీ కేంద్ర హోం శాఖే. ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనుమతి 2024 జనవరిలో రద్దయింది. కాబట్టి డబ్బు ఎవరిస్తున్నారన్నదొక్కటే చూస్తే చాలదు. దాన్ని ఆపగల శక్తి ఎవరికుందో కూడా నోటుబుక్కులో రాసుకోండి. ఆ రెండోది సంస్థ గొంతును ఎంత సన్నగిల్లజేస్తుందో ఆ రంగంలో పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు.

బయటి దేశాల సంస్థ అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆస్ట్రేలియాలోని రక్షణ అధ్యయన సంస్థ ఆస్పీని 2001లో అక్కడి ప్రభుత్వమే పెట్టింది, రక్షణ శాఖ డబ్బు అందులో ఉంది. చైనా మీద అది రాసే నివేదికలు మన పత్రికల్లో విరివిగా కనబడతాయి. కానీ అమెరికా విదేశాంగ శాఖ నుంచీ, ఆయుధ కంపెనీల నుంచీ తీసుకున్న సొమ్మును అది తన వార్షిక నివేదికల్లో చూపిస్తుంది. ఇలా చూపించేవాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ. 2014లో న్యూయార్క్ టైమ్స్ ఒక పరిశోధనాత్మక కథనం రాసింది. నార్వేలాంటి చిన్న దేశం కూడా వాషింగ్టన్‌లోని ఒక సంస్థకు 50 లక్షల డాలర్లు ఇచ్చి తనకు కావలసిన విధానాన్ని ముందుకు తోయించుకుందని అందులో ఉంది. మనం "అమెరికా నిపుణుల అభిప్రాయం" అని చదువుకునేది ఒక్కోసారి మూడో దేశం కోరిక కావచ్చు.

మనుషుల పట్టిక

ఇది అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునే పని. అన్నిటికంటే ఎక్కువ ఇచ్చేదీ ఇదే.

నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా నాలుగు గడులు చేయండి. పేరు, సర్వీసులో చివరి పదవి, రిటైరైన ఏడాది, ఆ తర్వాత చేరిన చోట్లు. పాలక మండలి, సలహా మండలి, నివేదిక రాసినవాళ్లు, ముందుమాట రాసినవాళ్లు అందరూ అందులోకి రావాలి. ముందుమాట రాసినవాళ్లను చాలామంది వదిలేస్తారు, మీరు వదలొద్దు. పేరు పక్కన బ్రాకెట్లో "రిటైర్డ్" అని ఉంటే సరిపోదు. ఎప్పుడు రిటైరయ్యారన్నది కావాలి. నిరుడు రిటైరైన జనరల్ మాటకీ ఇరవై ఏళ్ల కింద రిటైరైన జనరల్ మాటకీ తేడా ఉంటుంది. మొదటాయనకు లోపలి సంగతి తెలుసు, నోరు కట్టేసి ఉంటుంది. రెండో ఆయన నోరు తెరుచుకుంటుంది, కానీ ఆయనకు తెలిసిన లోపల ఇప్పుడు లేదు.

నాలుగో గడి నిండేకొద్దీ దారులు కనబడతాయి. అరవింద్ గుప్తా ఐడీఎస్ఏ అధిపతిగా ఉండి, 2014లో జాతీయ ఉప భద్రతా సలహాదారు అయ్యారు. 2017లో ఆ పదవి దిగాక వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్ డైరెక్టరయ్యారు. ఆ ఫౌండేషన్‌కు 2009లో తొలి డైరెక్టరు అజిత్ డోభాల్. అంతకుముందు ఆయన ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి, 2014 నుంచి జాతీయ భద్రతా సలహాదారు. ఇదేమీ దాచిన రహస్యం కాదు, అన్నీ బహిరంగంగా జరిగినవే. కానీ ఈ సంగతులు తెలియకుండా ఆ రెండు సంస్థల వ్యాసాలు చదివితే, రేపటి ప్రభుత్వ ఆలోచనను బయటివాళ్ల ఊహ అనుకుని పక్కన పడేస్తాం.

ఈ పట్టికలో నాకు ఎక్కువ ఇష్టమైన పేరు కె. సుబ్రహ్మణ్యం. తిరుచ్చిలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, ఐఏఎస్‌లోకి వెళ్లి ఐడీఎస్ఏను రెండు విడతలు నడిపారు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే సంస్థలో కూర్చుని, అణ్వాయుధాల విషయంలో ప్రభుత్వాలు బయటికి అనడానికి జంకిన మాటను ఏళ్ల తరబడి రాశారు. 1999లో కార్గిల్ సమీక్షా కమిటీకి అధ్యక్షుడు ఆయనే. నిఘా వ్యవస్థలో లోపాలను ఆ కమిటీ ఎత్తిచూపాకే 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ వచ్చింది. కమిటీ వేసిన 1999లోనే ఆయన పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. అధికారులూ పాత్రికేయులూ ప్రభుత్వం నుంచి అవార్డు పుచ్చుకోకూడదని ఆయన కారణం. జీతం ఎవరిచ్చినా రాత ఎవరిదో ఆయన్ను చదివితే తెలుస్తుంది. పట్టిక పూర్తయ్యాక అందులో ఇలాంటివాళ్లు ఎందరున్నారో వెతకండి. తన పాత శాఖను ఎప్పుడైనా పేరుపెట్టి తప్పుపట్టినవాళ్ల పేరు కింద నేను గీత గీస్తాను.

పేర్లు నిజమైనవేనా అని కూడా చూడండి. 2020 డిసెంబరులో ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ అనే యూరప్ సంస్థ నకిలీ మీడియా, నకిలీ సంఘాల వల ఒకదాన్ని బయటపెట్టింది. అందులో 2006లో చనిపోయిన అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు లూయీ సోన్, తర్వాతి ఏళ్లలో సమావేశాల్లో పాల్గొన్నట్టు కనబడింది. సలహా మండలిలో పెద్ద పేరు కనబడితే ఆ మనిషి బతికే ఉన్నాడా, తాను అందులో ఉన్నట్టు సొంత పరిచయంలో రాసుకున్నాడా అని ఒక్క నిమిషం వెతకండి.

నిఘా సంబంధాన్ని పట్టుకోవడం ఇంకో రకం పని

సైన్యంతో సంబంధం బోర్డు మీదే కనబడుతుంది. నిఘా సంస్థలది అలా కాదు. చైనాలో సీఐసీఐఆర్ అనే పెద్ద అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ ఉంది. అది దేశ భద్రతా మంత్రిత్వ శాఖకు, అంటే వాళ్ల గూఢచార శాఖకు, అనుబంధమన్నది ఈ రంగంలో అందరికీ తెలుసు. అక్కడి పండితుడు ఢిల్లీకో చెన్నైకో వచ్చి ఉపన్యసిస్తే, విన్నది తిరిగి ఎక్కడికి చేరుతుందో తెలిసే మనవాళ్లు మాట్లాడతారు. రష్యాలోని వ్యూహాల అధ్యయన సంస్థ రిసీ 2009 దాకా విదేశీ గూఢచార సంస్థ ఎస్‌వీఆర్‌లో భాగం. తర్వాత అధ్యక్షుడి కార్యాలయం కిందికి మారింది. అమెరికాలో ఎంఐటీ అంతర్జాతీయ అధ్యయన కేంద్రానికి 1950ల తొలినాళ్లలో సీఐఏ డబ్బు అందింది. కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే కమ్యూనిస్టు వ్యతిరేక రచయితల, మేధావుల సంస్థకు సీఐఏ నిధులు వచ్చిన సంగతి 1967కి బట్టబయలైంది. దాని భారత విభాగం బొంబాయి నుంచి పత్రిక కూడా నడిపింది. అందులో రాసిన చాలామంది నిజాయతీపరులకు డబ్బు మూలం తెలియదు. నాకు బాధ కలిగించేది అదే.

మన దగ్గర నిఘా సంబంధం మనుషుల ద్వారానే నడుస్తుంది. చెన్నైలో దీనికి బి. రామన్‌ను మించిన ఉదాహరణ లేదు. రా సంస్థలో ఉగ్రవాద వ్యతిరేక విభాగాన్ని నడిపి, 1994లో రిటైరై ఈ ఊళ్లో స్థిరపడి, 2013లో చనిపోయేదాకా రోజూ రాశారు. పాకిస్తాన్, చైనా, శ్రీలంక తమిళుల ఈలం పోరు, తీరప్రాంత భద్రత, ఏదీ వదల్లేదు. ఆయన్ను చదువుతూ నేను నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. పెన్సిల్ పట్టుకోండి. "నేను చూశాను", "నాకు తెలుసు", "అంటున్నారు", "అనుకోవచ్చు" అన్న నాలుగు రకాల వాక్యాలకు పక్కన నాలుగు గుర్తులు పెట్టుకుంటూ పోండి. మంచి రచయిత ఈ నాలుగింటినీ కలపడు. పేజీ నిండా "అంటున్నారు" గుర్తే పడితే, రాసింది ఎంత పెద్ద మాజీ అధికారైనా, మీరు చదువుతున్నది పత్రికల కత్తిరింపులే.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2021 మే 31న కేంద్రం పెన్షన్ నిబంధనలు సవరించింది. నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఆ సంస్థ పరిధిలోని విషయాల మీద ఏదైనా ప్రచురించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఉల్లంఘిస్తే పెన్షనుకే ఎసరు. అందుకని ఆ తేదీ తర్వాత రా, ఐబీ మాజీలు రాసినదాన్ని చదివేటప్పుడు, అనుమతి దొరికిన మాటలు చదువుతున్నానన్న ఎరుక ఉండాలి. అంతకుముందు రాసినవి దొరికితే పక్కన పెట్టుకుని పోల్చండి.

అంకె కనబడితే దాని పుట్టింటికి వెళ్లండి

ఇప్పుడు మా 750 కిలోమీటర్ల సంగతి. ఆ సాయంత్రం పిల్లలతో కలిసి మూడు వ్యాసాలూ తవ్వితే తేలిందేమిటంటే, మాజీ అధికారి ఆ అంకెను థింక్ ట్యాంక్ వ్యాసం నుంచి తీసుకున్నారు. థింక్ ట్యాంక్ వ్యాసం ఒక వార్తను ఆధారంగా చూపింది. ఆ వార్తలో "అని తెలుస్తోంది" అని ఉంది. అంతే. నేను మూడు నోళ్లనుకున్నది ఒక్క నోరే, దానికి కూడా పేరు లేదు.

అలాగని భయం ఉత్తిదే అనుకోవడం ఇంకో తప్పు. నౌక రేవులో కట్టేసి ఉండేది కాదు, సముద్రంలో ఎటైనా కదులుతుంది. పైగా రాకెట్ పైకి లేచేకొద్దీ నేల వంపు అడ్డు తగ్గి చాలా దూరం నుంచి కూడా రాడారుకు చిక్కుతుంది. ఉపగ్రహాలను, క్షిపణులను వెంటాడటానికి కట్టిన నౌక అది. కాబట్టి ఆందోళన నిజమే, దానికి చూపిన అంకె మాత్రం నిలబడదు. ఈ రెండింటినీ విడదీసి చెప్పగలిగితేనే మనం చదివినట్టు.

చేయవలసింది ఇదీ. నివేదికలోని ముఖ్యమైన అంకెలు మూడింటిని ఎంచుకోండి, అన్నీ చూడక్కర్లేదు. ఒక్కోదాని అధోసూచిక (ఫుట్‌నోట్) తెరవండి, అది చూపిన చోటికి వెళ్లండి, అక్కడి అధోసూచిక తెరవండి. కొలత ఉన్న పత్రమో, బడ్జెట్ పద్దో, పార్లమెంటులో ఇచ్చిన జవాబో తగిలితే ఆగండి. పత్రిక దగ్గరే దారి ఆగిపోతే ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. దూరం, వైశాల్యం, రూపాయలు, ఏదైనా మీ చేత్తో ఒకసారి లెక్క కట్టి చూడండి.

ఒకే ప్రశ్నకు వేర్వేరు యూనిఫారాల జవాబులు చదవండి

మూడో విమానవాహక నౌక కావాలా వద్దా? నౌకాదళం వైపు సంస్థ వ్యాసం ఒకటి, వైమానిక దళం వైపుది ఒకటి, సైన్యం వైపుది ఒకటి తీసుకోండి. మూడూ దేశభక్తితోనే రాసి ఉంటాయి, మూడూ ఒక చోట కలవవు. బడ్జెట్ ఒక్కటే కదా, ఒకరికి పెరిగితే ఇంకొకరికి తగ్గాలి. 2021లో అప్పటి త్రిదళాధిపతి బిపిన్ రావత్ వైమానిక దళాన్ని సహాయక విభాగమన్నారు. ఆ దళాధిపతి భదౌరియా వెంటనే కాదన్నారు. ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే అధికారి కిందికి తెచ్చే థియేటర్ కమాండ్ల మీద ఏ నివేదిక చదివినా ఆ రోజు జరిగిన ఆ మాటల మార్పిడి గుర్తుతెచ్చుకుంటే సగం అర్థమవుతుంది.

ఏం రాశారో చూశాక ఏం రాయలేదో చూడండి. తుపాకుల సేకరణ మీద వంద పేజీలు రాసి, పెన్షన్ల ఖర్చు మీద ఒక్క పేరా లేకపోతే అది కూడా ఒక సమాచారమే. ర్యాండ్‌లో విశ్లేషకుడిగా పనిచేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్ 1971లో వియత్నాం రహస్య పత్రాలు బయటపెట్టాడు. దాదాపు 7,000 పేజీలు. అవి ఉన్న బీరువా కూడా ర్యాండ్‌లోదే. అదే సంస్థ బయటికి ఇచ్చిన నివేదికలు మాత్రమే చదివినవాళ్లకు ఆ పేజీలు ఉన్నట్టే తెలియదు.

వెళ్లి అడగండి

చెన్నైలో ఇది సులువు. ఇక్కడి సభలు చాలావరకు సాయంత్రాలు జరుగుతాయి, చాలావాటికి ఎవరైనా రావచ్చు. గుమ్మం దగ్గర రిజిస్టరులో పేరు రాస్తారు, టీ, బిస్కట్లు ఇస్తారు, ముందు వరసలో తెల్లజుట్టు పెద్దలు కూర్చుంటారు. మొహమాటపడకుండా వెళ్లండి. మొదట్లో "ఛాతమ్ హౌస్ రూల్" అని ప్రకటిస్తే, విన్నది వాడుకోవచ్చు గానీ ఎవరన్నారో చెప్పకూడదని అర్థం. ఆ నియమాన్ని తప్పకుండా పాటించండి, ఒకసారి తప్పితే మళ్లీ మిమ్మల్ని నమ్మరు.

ప్రశ్నల సమయంలో వాదం పెట్టుకోకండి. టీ దగ్గర, మర్యాదగా, ఒక్క ప్రశ్న. ఒకసారి నేను విశాఖకు చెందిన రిటైర్డ్ నౌకాదళ అధికారిని అడిగాను. "సార్, ఇందాక మీరు చెప్పింది సర్వీసులో చూసిందా, తర్వాత చదివిందా?" కప్పు సాసరులో పెట్టి నా వైపు చూశారాయన. "చదివిందేనమ్మా. చూసిందైతే ఇక్కడ చెప్పేవాణ్ని కాదు" అన్నారు. ఆ ఉపన్యాసం నోట్సులో పై అంచున ఆ మాటే రాసుకున్నాను.

మనిషి చెప్పనిది కాగితం చెప్పవచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఆన్‌లైన్లో పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రా, ఐబీలకు సెక్షన్ 24 కింద మినహాయింపు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప అక్కడ తలుపు తెరుచుకోదు. రక్షణ శాఖను అడగొచ్చు. "మీ అభిప్రాయమేమిటి" అని రాస్తే తిరగ్గొడతారు. "గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫలానా సంస్థకు ఇచ్చిన గ్రాంటు ఏడాదివారీగా ఎంత, అక్కడ డెప్యుటేషన్ మీద ఉన్న అధికారుల సంఖ్య ఎంత" అని రాయండి. అంకె అడిగితే అంకె వస్తుంది.

ఇక మీరు రాసేటప్పుడు

"రక్షణ నిపుణులు అంటున్నారు" అన్న మాట తెలుగు పత్రికల్లో రోజూ కనబడుతుంది. దయచేసి మీరు రాయకండి. ఆ నిపుణుడెవరు, ఎక్కడ పనిచేశారు, ఇప్పుడున్న సంస్థకు డబ్బెవరిస్తారు? తెలుగులో విశేషణం పేరు ముందే వస్తుంది కాబట్టి ఇది చెప్పడం మనకు తేలిక: "రక్షణ శాఖ నిధులతో నడిచే పార్రికర్ సంస్థ అంచనా ప్రకారం" అంటే ఎనిమిది మాటలు. పాఠకుడికి ఇంకేం విడమర్చక్కర్లేదు.

మా క్లాసులో ఇప్పుడు ఇస్తున్న నోట్సులో ఆ పాత వాక్యం తీసేసి ఇలా రాశాం. మాటలు ఎక్కువగా ఆ సూళ్లూరుపేట అబ్బాయివే: "యువాన్ వాంగ్ 5 ఉపగ్రహాలను, క్షిపణులను వెంటాడే నౌక. ఇది 2022 ఆగస్టు 16న హంబన్‌టోట చేరింది. దీనికి 750 కిలోమీటర్ల పరిధి ఉందని భారత పత్రికలు రాశాయి. ఆ అంకెకు సాంకేతిక ఆధారం మాకు దొరకలేదు. మ్యాప్ మీద హంబన్‌టోట నుంచి కూడంకుళం సుమారు 440, కల్పాక్కం సుమారు 720, శ్రీహరికోట సుమారు 850 కిలోమీటర్లు. నౌక కదులుతుంది కనుక ఈ దూరాలు రేవులో ఉన్నప్పటివి మాత్రమే."